ఫ్రిజ్‌లో నాలుగు సీసాలు

"ఐతారం పొద్దుగాల ఆ సారుకు ఏం పోసినవ్ మల్లవ్వా? మర్చిపోకుండ వరుసగ చెప్పు."

ఠాణా వెనక గదిలో, కిటికీ కింద నేల మీద కూర్చున్న మల్లవ్వ తల ఎత్తలేదు. నలభై అయిదేళ్ల మనిషి. ఉప్పల్ స్టేడియం పక్కన పొద్దున్నే నడకకు వచ్చేవాళ్లకు ఆకు రసాలు, కూరగాయల రసాలు అమ్ముకుని బతుకుతుంది. వెంకటరామయ్య అనే ఆయనకు విషం పెట్టి చంపిందని నిన్న సాయంత్రం నాలుగింటికి పట్టుకొచ్చారు.

ఎదురుగా స్టూలు మీద కూర్చున్నది కమలకుమారి. ఇరవై ఆరేళ్లు సర్కారు దవాఖానా ల్యాబ్‌లో రక్తం, మూత్రం పరీక్షలు చేసింది. మూడేళ్ల క్రితం ఉద్యోగం వదిలి, నాచారంలో ఒక జిరాక్స్ షాపు పైన డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. వచ్చేవన్నీ పెళ్లి సంబంధాల వాకబులే. హత్య కేసు ఇదే మొదటిది. నిన్న సాయంత్రం మల్లవ్వ పెనిమిటి హన్మయ్య మెట్లెక్కి వచ్చి, సంగతంతా రెండు ముక్కల్లో చెప్పి, గుమ్మంలోనే కూలబడి లేవలేదు. లేవమని చెప్పడానికి ఆమెకు వేరే మాట దొరకలేదు. "సరే, నేను చూస్త" అంది.

"సొరకాయ రసం పోసిన. అండ్ల జర అల్లం, నిమ్మకాయ. గంతే" అంది మల్లవ్వ.

"బీట్‌రూట్ ఎంత ఏసినవ్?"

"బీట్‌రూట్ యాడిదమ్మా? శనివారం బంద్ ఉండె గద. మార్కెట్‌కు లారీలు రాలే. క్యారెట్ లేదు, బీట్‌రూట్ లేదు. సొరకాయలు మా మరిది పెరట్ల కాసినయి."

కమలకుమారి పెన్ను ఆగింది. చనిపోవడానికి ముందు వెంకటరామయ్యకు మూత్రం ఎర్రగా వచ్చిందని విని, బీట్‌రూట్ అనే అనుకుని వచ్చింది ఆమె. నూటికి పది మందికి బీట్‌రూట్ తింటే మూత్రం ఎర్రగా వస్తుంది, రక్తహీనత ఉంటే ఇంకా ఎక్కువ మందికి. ఆ ఒక్క ముక్కతో సగం కేసు విడిపోతుందని ఆటోలో లెక్క వేసుకుంది. ఇప్పుడు లెక్క మొదటికొచ్చింది.

"ఎంతమంది తాగిన్రు?"

"నలభై గిలాసలు. ఒక్క గిన్నెలకెల్లే పోసిన. ఆయన ఆరుకు వస్తడు, గడియారం లెక్క."

"ఆయనకూ నీకూ కొట్లాట అయిందట?"

మల్లవ్వ ఇప్పుడు తల ఎత్తింది. "అయింది. గిలాసలు సక్కగ కడుగుతలేవని అందరి ముంగట అన్నడు. నాకు మస్తు కోపమొచ్చింది. మల్ల ఇంటికి వోయి ఆలోచన జేసిన. తెల్లారి ఉడుకు నీళ్ల గిన్నె తెచ్చి పక్కన పెట్టిన. అప్పటికెల్లి రోజూ నా తాననే తాగుతుండు. సంపేటోని కోసం ఉడుకు నీళ్లు కాగబెడ్తరా అమ్మా?"

కమలకుమారి ఆ మాట కూడా రాసుకుంది. గది మూలన నిలబడ్డ మహిళా కానిస్టేబుల్ సారలమ్మ మొహం పక్కకు తిప్పుకుంది.

వెంకటరామయ్యకు యాభై నాలుగేళ్లు. నాచారం పారిశ్రామికవాడలో ఒక మందుల కంపెనీలో నాణ్యత పరీక్షల విభాగం ఆయన చేతిలో ఉండేది. ఆదివారం ఆరింటికి రసం తాగాడు. ఎనిమిది నలభైకి మూత్రం ఎర్రగా వచ్చింది. మంగళవారం రాత్రి వాంతులు మొదలై బుధవారం తెల్లవారేసరికి ఆసుపత్రిలో గుండె ఆగిపోయింది. కడుపులో ఏదో మొక్క విషం ఉన్నట్టుందని పోస్టుమార్టం చేసిన డాక్టరు నోటిమాటగా చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ రామస్వామికి అంతకన్నా అక్కర్లేకపోయింది. పసర్లు అమ్మే మనిషి, ఎర్రటి మూత్రం, మొక్క విషం. మూడింటినీ కలిపి ముడేశాడు. ఈ మధ్యాహ్నం మూడింటికి ఆమెను మేజిస్ట్రేటు ముందు నిలబెట్టబోతున్నాడు.

కమలకుమారి గడియారం చూసుకుంది. తొమ్మిదీ యాభై.

*

నాచారంలో వెంకటరామయ్య ఇంటికి ఆమె చేరేసరికి పదింపావు. ఆయన భార్య త్రిపురసుందరి తలుపు తీసింది. కాకినాడ వైపు నుంచి పాతికేళ్ల క్రితం వచ్చిన కుటుంబం. ఏడ్చి ఏడ్చి ఆవిడ గొంతు బొంగురుపోయింది.

"నేను పోలీసును కాదమ్మా" అంది కమలకుమారి. "మల్లవ్వ తరఫున వచ్చాను. మీరు వెళ్లిపొమ్మంటే వెళ్లిపోతాను. కానీ ఆమె చెయ్యలేదని నాకనిపిస్తోంది. అదే నిజమైతే, చేసినవాళ్లు బయట తిరుగుతున్నారు."

త్రిపురసుందరి కుర్చీ చూపించింది.

"శనివారం పొద్దున్నుంచి ఆదివారం ఎనిమిది నలభై దాకా ఆయన నోట్లోకి ఏమేం పోయిందో చెప్పండి. చిన్నదని వదిలెయ్యకండి."

"శనివారం ఇడ్లీ. మధ్యాహ్నం దొండకాయ వేపుడు, చారు. రాత్రి రెండు చపాతీలు. ఆదివారం లేవగానే కాఫీ, బయట ఆ రసం. వచ్చాక పెసరట్టు తిన్నారు. అంతేనండీ."

"మందులు?"

"బీపీ బిళ్ల ఒక్కటే. ఆరేళ్లుగా అదే."

"ఎర్రగా చూసుకుని ఏం చేశారు?"

త్రిపురసుందరి కొంగు పెదవులకు అడ్డం పెట్టుకుంది. "గోడ పట్టుకుని అలా నిలబడిపోయారండీ. మా మామగారు మూత్రపిండాలు పాడై చనిపోయారు. ఆయనకు మొదలైంది కూడా అలాగే, రక్తంతో. అప్పుడు ఈయనకు పదిహేనేళ్లు. పళ్లెం పట్టుకుని దగ్గరుండి చేశారు. అది ఆయన మనసులోంచి ఎప్పుడూ పోలేదు. ముప్పై ఏళ్లు మందుల కంపెనీల్లో చేసినా సరే, ఆ రోజు చిన్నపిల్లాడిలా వణికిపోయారు."

"ఆయనకు ఆ భయం ఉందని ఎవరెవరికి తెలుసు?"

"నాకు. గౌతమ్ గారికి. ఆఫీసులో ఉత్పత్తి విభాగం చూస్తారు. రెండు వీధుల అవతలే ఇల్లు. తొమ్మిదేళ్ల స్నేహం. ఆ రోజు మొదట ఆయనకే ఫోన్ చేశారు. తొమ్మిదింపావుకల్లా వచ్చేశారు. రోడ్డు మీద రసాలమ్మే ఆవిడ ఏం కలిపిందో ఏమోనని ఆయనే అన్నారు."

"ఆ మాట మొదట అన్నది ఆయనేనా?"

"ఆయనే. మాకసలు ఆ ఆలోచన రాలేదు."

కమలకుమారి స్నానాలగది చూస్తానంది. గది శుభ్రంగా ఉంది. బకెట్లు, చెంబు, అద్దం. అద్దం పక్కన మేకుకు దారంతో ఒక పెన్ను వేలాడుతోంది. కిటికీ గట్టు మీద అంటించుకునే తెల్ల కాగితపు చీటీల చుట్ట. పోలీసులు ఈ గదిలోకి రెండుసార్లు వచ్చి వెళ్లారని త్రిపురసుందరి చెప్పింది.

స్నానాలగదిలో పెన్ను ఎవరికి కావాలి? ల్యాబ్‌లో లాగా శాంపిలు సీసాల మీద టైము రాసి అంటించేవాళ్లకు తప్ప.

"సీసాలు ఎక్కడున్నాయమ్మా?" అని అడిగింది.

త్రిపురసుందరి మొహం ఎర్రబడింది. "ఎవరికీ చెప్పలేదండీ. చెప్పుకోవడానికి సిగ్గేసింది. ఫ్రిజ్‌లో కింద అరలో పెట్టారు. డాక్టరు దగ్గరికి వెళ్తే చూపించాలని. అవి అక్కడ పెట్టారని ఆయనతో పోట్లాడాను కూడా. అదే ఆఖరి పోట్లాట అవుతుందని నాకేం తెలుసు."

కరివేపాకు కట్ట వెనక, వార్తాపత్రికలో చుట్టి నాలుగు చిన్న గాజు సీసాలు. ఒక్కోదాని మీద ముత్యాల్లాంటి అక్షరాలు. ఆదివారం ఉదయం 8.40. ఆదివారం సాయంత్రం 5.15. సోమవారం ఉదయం 6.10. మంగళవారం ఉదయం 6.00.

కమలకుమారి వాటిని కుదపకుండా వంటింటి గట్టు మీద వరసగా పెట్టింది. అంత భయంలోనూ టైము రాయడం మానని మనిషి. ఆమెకు ఆయనను ఒక్కసారి చూడాలనిపించింది.

మొదటి సీసా ఎర్రగా ఉంది. రెండోది పలచని ఎరుపు. మూడోది లేత నారింజ. నాలుగోది మామూలు పసుపు.

"మంగళవారం పొద్దునకే రంగు పోయింది" అంది నెమ్మదిగా. "వాంతులు మొదలైంది మంగళవారం రాత్రి పదకొండుకు. పదిహేడు గంటల ముందే మూత్రం బాగుపడిపోయింది. ఆ విషానికీ ఈ రంగుకూ సంబంధం లేదు."

మొదటి సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. రక్తమైతే అయిదు రోజుల్లో కణాలు అడుగున పేరుకుని పైన తేటపడాలి. ఇది అడుగు నుంచి అంచు దాకా ఒకటే రంగు. కణాలు పగిలి కరిగిపోయినా ఇలాగే ఉండొచ్చు. కాబట్టి అక్కడితో ఆగడానికి లేదు.

ఇరవై ఆరేళ్లలో ఆమె చూడని రంగు లేదు. బీట్‌రూట్ తిని, కడుపులో బిడ్డ పోయిందేమోనని ఏడుస్తూ పరుగెత్తుకొచ్చిన గర్భిణి. విరేచనానికి సునాముఖి ఆకు మింగి, మూత్రం ఇటుక రంగులో వచ్చిందని వీలునామా రాయించుకున్న ముసలాయన. విటమిన్ గోళీలకు నిమ్మపండు పసుపు, క్షయ మందుకు నారింజ. అందరితోనూ ఆమె ఒకటే మాట అనేది: "భయపడకు, నిన్నేం తిన్నవో చెప్పు." ఈ మనిషిని ఆ ప్రశ్న అడిగేవాళ్లే లేకపోయారు.

"తాంబూలంలోకి వాడే సున్నం ఉందామ్మా? ఒక నిమ్మకాయ, రెండు తెల్ల పింగాణీ సాసర్లు."

సున్నాన్ని నీళ్లలో కలిపి తేరనిచ్చింది. మొదటి సీసాలోంచి కాస్త కాస్త రెండు సాసర్లలో పోసింది. ఒకదాంట్లో నాలుగు చుక్కల నిమ్మరసం వేసింది. ఎరుపు విరిగి పసుపులోకి దిగింది. రెండోదాంట్లో సున్నపు తేట వేసింది. బీట్‌రూట్ అయితే సున్నానికి పసుపైపోవాలి. ఇది పసుపవలేదు. ముదిరి, చూస్తుండగానే ఊదాలోకి తిరిగింది.

"రక్తం ఇలా రంగులు మారదు. ఇది వేరు రంగు. మంజిష్ఠ" అంది కమలకుమారి. "ఆయుర్వేదం కొట్లో దొరుకుతుంది. చర్మానికీ రక్తశుద్ధికీ వాడతారు. పూర్వం బట్టలకు ఎరుపు రంగు అద్దింది కూడా ఆ వేరుతోనే. తాగితే మూత్రం ఎర్రగా రావచ్చు. ప్రాణానికేం కాదు. మీ ఇంట్లో ఎవరు తెచ్చారు?"

"మా ఇంట్లో అలాంటిది లేదండీ."

వంటింటి కిటికీ ఊచకు ఒక గుడ్డ ఆరేసి ఉంది. కషాయాలు, కాఫీ వడకట్టుకునే పలచటి తెల్లగుడ్డ. మధ్యలో అరచేయంత మేర గులాబీ మరక. కమలకుమారి దాన్ని తీసి మరక మీద సున్నపు తేట ఒక్క చుక్క వేసింది. అక్కడ ఊదా రంగు పూసింది.

త్రిపురసుందరి గట్టు పట్టుకుంది. "ఆ మరక... ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. అది మోకాళ్ల నొప్పుల పొడండీ. శుక్రవారం గౌతమ్ గారు తెచ్చిచ్చారు, వాళ్ల వదినగారికి బాగా పనిచేసిందని. శనివారం సాయంత్రం ఒక గ్లాసు, ఆదివారం కాఫీకి ముందు ఒక గ్లాసు కాచిచ్చాను. మందనుకోలేదు, అందుకే మీకు చెప్పలేదు."

"మిగిలిన పొడి ఏది?"

"ఆదివారం గౌతమ్ గారే పట్టుకెళ్లిపోయారు. మూత్రపిండాల మీద అనుమానం ఉన్నప్పుడు ఇవేవీ వద్దని."

"అంటే ఆ పొడిని ఇంట్లో ఉండనివ్వలేదు. తప్పు మాత్రం రసం మీదికి తోశారు." కమలకుమారి కూర్చుంది. "తర్వాత ఏం ఇచ్చారు?"

ఆ ప్రశ్నకు జవాబు రాకముందే బయట జీపు ఆగింది.

*

ఇన్‌స్పెక్టర్ రామస్వామి చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. చేతిలో త్రిపురసుందరి సంతకం పెట్టాల్సిన కాగితాలు. గట్టు మీది సీసాలు చూసి ఆగిపోయాడు.

"ఏంది కమలక్కా ఇది? నా కేసుల సాక్ష్యం మీరు సాసర్లల్ల పోసుకుంటున్నరా?"

"నీ కేసుల ఇవి ఉన్నట్టు నీకు తెల్వదు రామస్వామీ. రెండుసార్లు వచ్చి ఫ్రిజ్ తియ్యలే. మూడు సీసాలు ముట్టలే. ఒకదాంట్ల సగం అట్లనే ఉంది, తీస్కపోయి పరీక్ష చేయించు."

"మీరు ల్యాబ్‌ల సీసాలు జూసిన్రు. నేను ఇరవై ఏండ్లు మనుషులను జూసిన."

"సీసాలల్ల ఉన్నది మనుషులదే గద."

రామస్వామి ఒకప్పుడు ఎస్సైగా శాంపిళ్లు పట్టుకుని ఆమె కిటికీ దగ్గర వరసలో నిలబడినవాడు. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది.

"సరే. ఆ రసంతోని ఎర్రగ కాలేదు, ఒప్పుకుంట. అయితే? విషం మంగళవారం పెట్టి ఉంటది. మంగళవారం గూడ ఆయన నడకకు పోయిండు గద."

"పోలేదండీ" అంది త్రిపురసుందరి. "ఆదివారం తర్వాత గుమ్మం దాటలేదు. భయంతో మంచం మీదే ఉన్నారు."

రామస్వామి కాగితాలు తిరగేశాడు, అందులో ఏదో దొరుకుతుందన్నట్టు.

కమలకుమారి తన ప్రశ్నకు తిరిగి వచ్చింది. "గౌతమ్ గారు తర్వాత ఏం ఇచ్చారమ్మా?"

"గొట్టాలు, అదే క్యాప్సూల్స్. తెల్ల కవరులో పది. వాళ్ల బావగారు పెద్ద డాక్టరట. ఫోన్‌లో ఆయన్ను కనుక్కున్నానని చెప్పి, ఇవి వేసుకుంటే రక్తం ఆగిపోతుంది, పూటకొకటి వేసుకోమన్నారు. నిజంగానే సోమవారానికి రంగు తగ్గిపోయింది. ఈయన ఆయన చేతులు పట్టుకుని దణ్ణం పెట్టారండీ."

"పొడి మానేస్తే రంగు దానంతటదే పోతుంది" అంది కమలకుమారి. "కానీ తగ్గించింది ఆ గొట్టాలేనని మీవారు నమ్మారు. ఆ తర్వాత ఆయన ఏమిచ్చినా మింగుతారు. మంగళవారం?"

"సాయంత్రం ఏడింటికి ఆయనే వచ్చి ఒకటి విడిగా ఇచ్చారు. పవరు ఎక్కువది, ఇదే చివరిదన్నారు. నేనే నీళ్లు తెచ్చిచ్చాను."

రామస్వామి కాగితాల్లోంచి ఒకటి బయటికి లాగాడు. ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు రాసిన చీటీ నకలు. దాన్ని చదివి, మళ్లీ చదివాడు. కమలకుమారి చేతికిచ్చాడు.

'ఇంతకుముందు వాడిన మందులు: బీపీ బిళ్ల తప్ప ఏమీ లేవు. వివరాలు చెప్పినవారు: గౌతమ్, మిత్రుడు.'

"మిగిలిన గొట్టాలు ఏమైనయమ్మా?" అని రామస్వామి అడిగాడు.

"డాక్టర్లకు చూపించాలని గౌతమ్ గారే కవరుతో సహా జేబులో పెట్టుకున్నారు."

"చూపియ్యలే" అన్నాడు రామస్వామి. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "తొమ్మిదేండ్ల దోస్తు. ఎందుకు జేస్తడు?"

త్రిపురసుందరి కళ్లు తుడుచుకుంది. "బుధవారం ఔషధ నియంత్రణ ఆఫీసరు గారి ముందు ఈయన వాంగ్మూలం ఇవ్వాల్సి ఉండేది. పిల్లల దగ్గుమందు ఒక బ్యాచ్ పరీక్షలో నిలవలేదట. ఈయన సంతకం పెట్టనన్నారు. ఎవరో దొంగ సంతకం పెట్టి సరుకు బయటికి పంపేశారు. ఎవరో నాకు చెప్పలేదు. ఆ ఉత్పత్తి మాత్రం గౌతమ్ గారి కింద జరిగేదే. ఆఫీసు గొడవలు ఇంట్లోకి రావని అనుకున్నానండీ."

కమలకుమారి ఊదా రంగు సాసరు వైపు చూసింది. వెంకటరామయ్యను ముందు చంపింది విషం కాదు. పదిహేనేళ్ల వయసులో చూసిన ఎరుపు. ఆ గాయం ఎక్కడుందో తెలిసిన స్నేహితుడు సరిగ్గా అక్కడే వేలు పెట్టాడు. చదువు, అనుభవం, టైము రాసుకునే అలవాటు, ఏవీ అడ్డుపడలేకపోయాయి.

"గౌతమ్ ఇప్పుడు ఎక్కడుంటాడు?" అని అడిగింది.

రామస్వామి గడియారం చూశాడు. పదకొండూ నలభై.

"ఠాణల. సాక్షి వాంగ్మూలం ఇయ్యమని పదకొండున్నరకు నేనే రమ్మన్న."

"మల్లవ్వ ఉన్న తానకు."

"మధ్యల కానిస్టేబుల్ ఉంటది అక్కా. ఏం జేస్తడు?"

"ఆమె అక్కడ్నే చచ్చిపోతే ఏమంటవ్ రామస్వామీ? తప్పు జేసింది గనుక, ఏదో మింగి చచ్చిపోయిందంటవ్. కేసు అక్కడికే అయిపోతది. ఫోన్ చెయ్యి."

అతను అప్పటికే నంబరు నొక్కాడు. స్పీకరు పెట్టాడు. సారలమ్మ ఎత్తింది.

"సారలమ్మా, గౌతమ్ అని ఒకాయన వచ్చిండా?"

"వచ్చిండు సార్. మీ కోసమే కూసున్నడు. మంచి మనిషి సార్. మల్లవ్వకు పొద్దటి సంది తల తిరుగుతుందంటే, తన తాన ఉన్న గోలి ఇచ్చిండు. నేనే నీళ్లు ఇచ్చిన."

త్రిపురసుందరి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రామస్వామి కాళ్లు అప్పటికే చెప్పులు వెతుకుతున్నాయి. కమలకుమారి ఫోను అందుకుంది.

"సారలమ్మా, నేను కమలక్కను. ఏం భయపడ్డట్టు కనపడకు. ఫోను మల్లవ్వకియ్యి. ఇంటికెల్లి ఫోన్ అని చెప్పు."

అడుగుల చప్పుడు. గొలుసు తీసిన చప్పుడు. ఎంతసేపు పట్టిందో ఆమెకు తెలియలేదు.

"అమ్మా" అంది మల్లవ్వ.

"ఆ గోలి మింగినవా?"

"లేదమ్మా." గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది. "చీటీ లేదు, పేరు లేదు. నలభై మందికి రసం పోసేదాన్ని, అండ్ల ఏముందో చెప్పకుంట నేను ఎవ్వలికి ఇయ్య. నాకు చెప్పకుంట ఇస్తే నేనెట్ల మింగుత? నోట్ల ఏసుకున్నట్టు జేసి, నీళ్లు తాగిన. గోలి పిడికిట్లనే ఉన్నది."

కమలకుమారి రామస్వామికి జీపు తియ్యమని చేత్తో సైగ చేసింది. "ఆ పిడికిలి విప్పకు. ఎవ్వరికీ ఇయ్యకు. మేం వస్తున్నం. ఆయన ఎక్కడున్నడు?"

మల్లవ్వ గొంతు ఇంకా తగ్గి గుసగుసలోకి దిగింది.

"గీడనే బెంచీ మీద కూసున్నడు. ఇందాకటి సంది గడియారం జూస్తుండు, మల్ల నన్ను జూస్తుండు. అమ్మా... ఇప్పుడు లేచిండు. నా దిక్కే వస్తుండు."